ఇరవయ్యొక్క గుంజీలు

పాత గళ్ళ తువ్వాలును నాలుగు మడతలు వేసి డబ్బా అడుగున పరిచి, సరస్వతమ్మ పైనుంచి పిడికెడు బియ్యం వదిలి చూసింది. చప్పుడు కాలేదు. ఇంకో పిడికెడు తీసి ఈసారి కాస్త ఎత్తు నుంచి వదిలింది. చెవి దగ్గరగా పెట్టినా ఏమీ వినపడలేదు. బాగుంది అనుకుంది. ఈ మాత్రం బుద్ధి ఆరేళ్ళ కిందటే పుట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆరేళ్ళుగా ఈ వనస్పతి డబ్బా మూతికి పాత చీర ముక్క కట్టి, మధ్యలో చెయ్యి దూరేటంత కన్నం పెట్టి, ఎవరెంత తెచ్చారో ఎవరికీ కనపడకూడదర్రా, దేవుడికి చిన్న చెయ్యీ పెద్ద చెయ్యీ లేదు అని పిల్లలకు చెబుతూనే వచ్చింది. కళ్ళకు గుడ్డ అడ్డం పెట్టింది గానీ చెవుల సంగతి మరిచిపోయింది. రేకు డబ్బా కదా, బియ్యం పడితే జల్లుమంటుంది. ఇంజనీరుగారి పిల్ల పిడికిలికి ఒక జల్లు, ఖలాసీ పిల్ల పిడికిలికి ఒక జల్లు, ఏమీ లేని పిడికిలికి మాత్రం ఏమీ లేదు. ఆ ఏమీ లేని పిడికిలి కోసమే ఈ కార్తీక మాసపు ఆదివారం, పిల్లలు రావడానికి ఇంకా గంట ఉండగానే, కాసిడీహ్‌లో తెలుగువాళ్ళ సంఘం హాలుకు వచ్చి, తాళం తనే తీసి, చీపురు తనే పట్టి, జంపఖానా తనే పరిచి, ఇలా గోడకు వీపు ఆనించి కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంది. మోకాళ్ళకు రాత్రి రాసుకున్న కర్పూరం నూనె వాసన స్నానం చేసినా పోలేదు. రెండు అరచేతులతో రెండు చిప్పలనూ నిమురుతూ, ఈ ఒక్క పూటకీ నా మాట వినండర్రా అని వాటిని బతిమాలుకుంది.

శాంత వస్తుందా? వస్తే పిల్లలందరి ముందూ చెవులు పట్టుకుని తను ఇరవయ్యొక్క గుంజీలు తియ్యాలి. అది నిశ్చయమైపోయింది, బుధవారం రాత్రి దీపం కొండెక్కకముందే నిశ్చయమైపోయింది. రాకపోతే? రాకపోతే తీసినా ఎవరికి తీసినట్టు? వినాయకుడికి రోజూ మూడు తీస్తూనే ఉంది, ఆయనకు ఇంకో పద్దెనిమిది కలిపినంత మాత్రాన ఏమొస్తుంది? ఆయన అడగలేదు. అడిగింది పదేళ్ళ పిల్ల. అడిగిందా అంటే అడగనూ లేదు. గడప అవతల తలుపు రెక్క పట్టుకుని నిలబడి ఒక్క మాట అంది, అంతే.

గోడ గడియారం ఎనిమిదీ పది చూపిస్తోంది. అంటే ఎనిమిది. సంఘం సెక్రటరీ భీమారావు దాన్ని కావాలనే పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టాడు, మనవాళ్ళు ఎలాగూ పది నిమిషాలు ఆలస్యంగా వస్తారని. ఆ సంగతి అందరికీ తెలిసిపోయాక ఇప్పుడు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వస్తున్నారు. నవ్వొచ్చింది ఆవిడకు. కిటికీ అవతల ఎవరి ఇంట్లోనో బొగ్గుల పొయ్యి అంటించినట్టున్నారు, పొగ వాలుగా లోపలికి వచ్చి వినాయకుడి పటం ముందు తను వెలిగించిన అగరుబత్తి పొగతో కలిసిపోయింది. బొగ్గు పొగ, అగరు పొగ, రెండూ ఒకే దారిన పైకి వెళ్తున్నాయి. ముప్ఫై నాలుగేళ్ళ కిందట టెక్కలి నుంచి ఈ ఉక్కు మిల్లు ఊరికి కాపురానికి వచ్చినప్పుడు ఈ బొగ్గు వాసనకే కదా వారం రోజులు అన్నం సయించలేదు. ఇప్పుడు టెక్కలి వెళ్తే ఆ వాసన లేక ఏదో వెలితిగా ఉంటుంది. మనిషి దేనికైనా అలవాటు పడుతుంది. పదిమందిలో చిన్నబోవడానికి మాత్రం అలవాటు పడదు. ఎందుకో.

ఆ రోజుల్లో వీధికి ఒకటే కుళాయి. పొద్దున్నే బిందెల బారు. ఆ బారులో తన బిందె ఎక్కడ పెట్టాలో, ఎవర్ని ఏమని అడగాలో తెలియక, మూడు రోజులు పక్కన నిలబడి నిలబడి ఖాళీ బిందెతో ఇంటికి వచ్చింది. నాలుగో రోజు ధైర్యం చేసి ముందుకు వెళ్తే, ఈ మద్రాసీకి బారంటే ఏమిటో కూడా తెలీదు అని ఆడవాళ్ళందరూ ఒక్కసారి నవ్వారు. భాష రాకపోయినా నవ్వు అర్థమవుతుంది కదా. తర్వాత పదిహేను రోజులు కుళాయి వైపు వెళ్ళలేదు, ఆయనే డ్యూటీ నుంచి వచ్చి నీళ్ళు మోసుకొచ్చేవారు. పక్క క్వార్టరులో ఆరా జిల్లా ఆవిడ ఒకామె ఉండేది, భారీ మనిషి, చేతినిండా లక్క గాజులు. ఆమె కావాలంటే ఇంటికి వచ్చి ఓదార్చి ఉండేది. రాలేదు. ఒకనాడు కుళాయి దగ్గర నుంచే, వీధి మొత్తానికీ వినపడేలాగ, "ఏ బహూ, ఓ కోడలా! బిందె పట్టుకుని రా, నీ చోటు ఇదిగో, నా ముందు!" అని హిందీలో కేక పెట్టింది. నవ్విన వాళ్ళందరూ చూస్తుండగా తన బిందె ముందు పెట్టించింది. ఆవిడ పేరు గుర్తులేదు. ఎంత పాపం, పేరు కూడా గుర్తులేదు, ఆ గాజుల చప్పుడు మాత్రం గుర్తుంది.

నీతి తరగతి అని గుమ్మం మీద బోర్డు భీమారావే రాయించాడు. పిల్లలు మామ్మగారి క్లాసు అంటారు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన మనిషికి క్లాసేమిటి అని మొదట్లో సిగ్గుపడింది. కానీ ఇక్కడి పిల్లలకు తెలుగులో పలకరిస్తే హిందీలో జవాబు చెప్పడం అలవాటైపోయింది, కనీసం వారానికి ఒక గంట మన మాటలు, మన పద్యాలు చెవిన పడితే చాలు అని తల్లులు పట్టుబట్టారు. పుస్తకం లేదు. ఆవిడ దగ్గరున్న చదువంతా రెండు ముక్కలే. నిన్ను నువ్వు తక్కువ చేసుకోకు. ఎదుటి మనిషిని తక్కువ చెయ్యకు. ఈ రెండు ముక్కలనే ఆరేళ్ళుగా కథలు చేసి, ఆటలు చేసి, పాటలు చేసి చెబుతోంది. పిల్లలు హాల్లోకి రాగానే చెప్పులు వరసగా విడవాలి, ఇంటి నుంచి తెచ్చిన పిడికెడు బియ్యం డబ్బాలో వెయ్యాలి, వినాయకుడికి మూడు గుంజీలు తియ్యాలి, కూర్చోవాలి. పౌర్ణమినాడు ఆ బియ్యంతో పొంగలి వండి అందరూ వరసగా కూర్చుని తింటారు. ఎవరి గింజ ఎవరి విస్తట్లో పడుతుందో ఆ పొంగలికే తెలియదు. ఆ ఏర్పాటు చూసుకుని ఎంత మురిసిపోయేది! ఇంతకంటే నీతి పాఠం ఏముంటుంది అని ఆయనతో ఎన్నిసార్లు అంది! దేవుడు వింటూనే ఉంటాడు, ఊఁ కొడుతూనే ఉంటాడు, సమయం చూసి మెల్లగా చెవి మెలేస్తాడు.

మూడు ఆదివారాల కిందట. పిల్లలు బారుగా వస్తున్నారు. జల్లు, జల్లు, జల్లు. తను వత్తులు చేసుకుంటూ తల ఎత్తకుండానే వింటోంది. శాంత చెయ్యి లోపలికి వెళ్ళింది, బయటికి వచ్చింది. చప్పుడు లేదు. తల ఎత్తింది. తన చెవి అంత వాడిదని అంతవరకు తనకే తెలీదు. "శాంతా, ఇలా రా. మళ్ళీ పెట్టు చెయ్యి." మళ్ళీ పెట్టింది. మళ్ళీ లేదు. "ఏదీ, అరచెయ్యి చూపించు." చూపించింది. ఖాళీ. అరచేతిలో నాలుగు గోళ్ళ గుర్తులు ఎర్రగా వరసగా ఉన్నాయి. జుగ్సలాయి నుంచి ఇంత దూరం ఆ పిల్ల ఖాళీ పిడికిలిని ఎంత గట్టిగా బిగించి పట్టుకుని నడిచి వచ్చిందో ఆ గుర్తులు చెబుతూనే ఉన్నాయి. తను వాటిని చూసింది. చూసి కూడా చూడలేదు. కళ్ళకు ఆ రోజు ఏం పొర కమ్మిందో. "దేవుడి దగ్గర దొంగ పిడికిలా?" అంది. అన్నమాట ఇప్పటికీ నాలుక మీద చేదుగా ఉంది. "తియ్యి ఇరవయ్యొక్క గుంజీలు, అందరి ముందూ." వినాయకుడికి ఇరవయ్యొక్క రకాల పత్రి, ఇరవయ్యొక్క ఉండ్రాళ్ళు. శిక్షకు కూడా ఆ అంకే ఎందుకు వచ్చిందో నోట్లోంచి. పిల్లలు కిసుక్కుమన్నారు. శాంత కుడి చేత్తో ఎడమ చెవి, ఎడమ చేత్తో కుడి చెవి పట్టుకుని, ఏక్, దో, తీన్ అని తనే లెక్కపెట్టుకుంటూ తీసింది. ఏడవలేదు. ఒక్కటి తగ్గించలేదు. ఇక్కీస్ అని ఆపి, వెళ్ళి తన చోట కూర్చుంది. చివరి దాకా ఉండి, అందరితో పాటు మంగళం పాడి, ప్రసాదం కళ్ళకద్దుకుని తీసుకుని, నమస్కారం పెట్టి వెళ్ళింది. ఆ తర్వాత రెండు ఆదివారాలు రాలేదు.

అప్పటి నుంచి ఇంట్లో దేవుడి ముందు గుంజీలు తీస్తుంటే ఒకటే ఆలోచన. చేసే పని ఒకటే కదా, అవే చెవులు, అవే మోకాళ్ళు. రోజూ తను తీస్తే భక్తి, ఆ రోజు శాంత తీస్తే శిక్ష. తేడా ఎక్కడుంది? తనంతట తాను వంగడానికీ, ఇంకొకరు వంచడానికీ ఉన్న తేడాయేనా? మరి మన పిల్లల్ని పెద్దలకు దండం పెట్టు, పెట్టు అని మెడ పట్టుకుని వంచుతామే, అది గౌరవం నేర్పడమా, వంగడం నేర్పడమా? స్వామీ, నాకు తెలియక అడుగుతున్నాను, నువ్వు కోప్పడకు. నువ్వు కూడా ఇన్నేళ్ళుగా మా గుంజీలు చూసి లోపల్లోపల నవ్వుకుంటూనే ఉన్నావేమో.

అసలు సంగతి సాక్చీ బజారులో ఆకుకూరలమ్మే సూరమ్మ నోట తెలిసింది. తోటకూర కట్ట మీద నీళ్ళు చిలకరిస్తూ, "తెలీదేటమ్మా మీకు? శాంత వాళ్ళ నాన్న బలరామ్ పనిచేసే షెడ్డు మూసేసి నెల దాటిపోయింది. ఆదిత్యపూర్‌లో లారీ బండ్లకి కమ్మీలు సేత్తారు కదా, అదే. ఆర్డర్లు నేవంట. ఇంట్లో రొట్టె ముక్కే, అదీ ఒక పూటే. బియ్యం మొకం సూసి ఎన్నాళ్ళయిందో" అంది. బియ్యం లేని ఇంటి నుంచి వచ్చింది పిల్ల. మానెయ్యొచ్చు, మానలేదు. లేదని చెప్పొచ్చు, చెప్పలేదు. అందరిలాగే బారులో నిలబడి, అందరిలాగే చెయ్యి పెట్టి తీసింది. ఎవరికీ కనపడదని మామ్మగారు చెప్పింది కదా. ఆ మాట నమ్మింది. తను కట్టిన గుడ్డను నమ్మిన ఒకే ఒక్క పిల్లను పట్టుకుని, ఆ గుడ్డ తనే విప్పి అందరికీ చూపించింది. దొంగ పిడికిలి ఎవరిది?

అంత తెలిశాక కూడా బుద్ధి సరిగ్గా పనిచేసిందా అంటే చెయ్యలేదు. బుధవారం నాడు, ఉపవాసం ఉన్నదానిలాగ గంభీరంగా ముఖం పెట్టుకుని, ఐదు కిలోల బియ్యం సంచీలో పోసుకుని, రిక్షా ఎక్కి జుగ్సలాయి వెళ్ళింది. గోదాముల సందులో, పెంకుటిల్లు. ఇంటి కప్పు మీద ఆనపపాదు, పచ్చగా, ఈ ఊరి ఎర్రదుమ్ము ఆకుల మీద ఉన్నా కూడా పచ్చగా. శాంత తల్లి నూకమ్మ ఎదురొచ్చింది. "రండి పిన్నిగారూ, రండి. మంచం మీద కూకోండి. ఏటి, ఇంత దూరం ఎండన పడి వచ్చేరు?" టీ పెట్టింది. పాలు లేని టీ, అల్లం వేసి, గ్లాసు అంచు దాకా. గ్లాసును కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది. తాగుతుంటే ఒళ్ళంతా వెచ్చబడింది. "సంచీలో ఏటండీ?" అంది నూకమ్మ. "కొంచెం బియ్యం అమ్మా, శాంత కోసమని..." నూకమ్మ నవ్వు చెదరలేదు గానీ కాస్త సర్దుకుంది, పవిట సర్దుకున్నట్టు. "తీసుకెల్పోండి పిన్నిగారూ, ఏటనుకోకండి. మొగుడూ పెళ్ళాం కలిపి నాలుగు చేతులున్నాయి మాకు. ఆయన ఎవల్దో ఇల్లు కడతంటే పనికెల్తన్నారు. నాను పక్క గోదాములో పప్పులు ఏరుతన్నాను. ఛఠ్ పరబ్ పండగ అయ్యేక షెడ్డు తెరుత్తామన్నారంట. తెరిసినా తెరవకపోయినా సూసుకుంటాం."

ఇంక బియ్యం మాట ఎత్తలేదు. ఎత్తకుండా ఉండగలిగినందుకు ఆ ఒక్క క్షణం మీద ఆవిడకు ఇప్పటికీ సంతోషమే. తలుపు అవతల శాంత నిలబడి ఉంది. క్షమించమ్మా అందామని నోరు తెరిచింది. "ఆదివారం రా తల్లీ. ఆ రోజు మామ్మ తప్పు చేసింది" అంది ఎలాగో, చిన్న గొంతుతో. శాంత కాలి బొటనవేలితో గడప గీకుతూ, తల ఎత్తకుండానే అంది, "సబ్ కే సామ్నే హువా థా, మామ్మగారూ." అందరి ముందూ జరిగింది కదా. అంతే. "ఓసి, ఏటే ఆ మాట, పెద్దోళ్ళతో! తప్పు, లెంపలేసుకో!" అని నూకమ్మ చెయ్యెత్తింది. "వద్దమ్మా, లెంపలేసుకోవద్దు, అది సరిగ్గానే అంది" అని సరస్వతమ్మే గబుక్కున లేచి ఆ చెయ్యి పట్టుకుంది. మోకాలు కలుక్కుమంది. వచ్చేటప్పుడు నూకమ్మ నిచ్చెనేసి కప్పెక్కి, లేత ఆనపకాయ ఒకటి కోసి చేతిలో పెట్టింది. "మా పాదుది. పులుసు పెట్టుకోండి." వద్దు, మీకే ఉండనీ అనబోయింది. ఆ మాట అంటే ఏమవుతుందో సమయానికి తెలిసింది. రెండు చేతులూ చాపి పుచ్చుకుంది. రిక్షాలో ఒక పక్క తిరిగొచ్చిన బియ్యం, ఒక పక్క ఆనపకాయ. ఇవ్వడానికి వెళ్ళి తీసుకుని వచ్చింది. ఆ రాత్రి పులుసు ఎంత బాగా కుదిరిందో, ఇన్నేళ్ళ కాపురంలో అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

శాంత అన్న మాట విని, పులుసు కలుపుకుంటూనే ఆయన చెప్పారు పోలయ్య సంగతి. సోమేశ్వరరావు మామూలుగా మిల్లు సంగతులు ఇంట్లో చెప్పే మనిషి కాదు. ఇరవై ఏళ్ళ కిందట, క్రేనుకు గొలుసు సరిగ్గా తగిలించలేదని పోలయ్య అనే ఖలాసీని గ్యాంగు మొత్తం ముందు నానా మాటలూ అన్నారట. తర్వాత చూస్తే గొలుసు తగిలించింది వేరే మనిషి. "మర్నాడు మిఠాయి పొట్లం కట్టించుకుని వాడింటికెళ్ళేను సరస్వతీ. తప్పైపోయిందిరా అన్నాను. వాడు నా చేతులు పట్టుకున్నాడు. పెళ్ళాం నీళ్ళిచ్చింది. పిల్లలు మిఠాయి తిన్నారు. అయితే ఏటి? రిటైరయ్యేదాకా మిల్లులో నా మొహంలోకి చూసి మాటాడలేదు వాడు. ఇంటికెళ్ళి చెప్పిన మాట ఇంట్లోనే ఉండిపోయింది. గ్యాంగు ముందు అన్న మాట గ్యాంగులోనే ఉండిపోయింది." అలా అని ఆయన కంచంలో వేలితో గీతలు గీశారు. తర్వాత, "ఆ పిల్లలందరి ముందూ నువ్వు తియ్యి గుంజీలు. నేను చెయ్యలేకపోయేను" అన్నారు. ఆ మాట అన్నందుకు ఆవిడ మనసులో ఆయనకు ఒక దండం పెట్టుకుంది, ఎవరూ వంచకుండానే.

భీమారావు మాత్రం నిన్న సాయంత్రం తాళం చెవి ఇవ్వడానికి వచ్చి లబోదిబోమన్నాడు. "ఏటమ్మా ఇది? పిల్లల ముందు మీరు గుంజీలు తీత్తారా? రేపు ఎవడు భయపడతాడు మీకు? గౌరవం ఏటి మిగుల్తాది?" "ఇప్పుడేటి మిగిలింది బాబూ?" అంది తను. "పోనీ పక్కకి పిలిచి సారీ చెప్పండి, చాలు. అయినా మీ మోకాళ్ళకి ఇరవయ్యొకటా? మూడుకే పటం పట్టుకుంటారు!" "అదే నాకూ బెంగ. గౌరవం గురించి కాదు, మోకాళ్ళ గురించే" అంటే అతనూ నవ్వక తప్పలేదు.

చెప్పుల చప్పుడు. ముగ్గురు. వీళ్ళు ఎప్పుడూ ముందే వస్తారు. జంపఖానా మీద చాపిన కాళ్ళు దగ్గరకు లాక్కుంది. ఒకరి తర్వాత ఒకరు డబ్బాలో చెయ్యి పెట్టారు. చప్పుడు లేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒక పిల్ల డబ్బాను ఒక తట్టు తట్టింది. "మామ్మగారూ, ఇస్ కో క్యా హువా?" "డబ్బాకి జలుబు చేసిందర్రా, గొంతు పోయింది" అంది. పకపకా నవ్వారు. ఆరుగురు, తొమ్మిదిమంది, పన్నెండుమంది. ఎవరి పిడికిలి విప్పినా ఒకటే నిశ్శబ్దం. గుమ్మం దగ్గర నీడ పడిన ప్రతిసారీ తల ఎత్తి చూస్తోంది. శాంత కాదు. ఇది కూడా కాదు. గడియారం తొమ్మిదీ ఇరవై, అంటే తొమ్మిదీ పది. దూరంగా ఎక్కడో గూడ్సు బండి కూత, ఆగి ఆగి, పొడుగ్గా. జుగ్సలాయి ఫాటక్, అదే రైలు గేటు, పడి ఉంటుంది. ఫాటక్ పడితే ఒక్కోసారి అరగంట, ఒక బండి పోయాక ఇంకో బండి. అలా అనుకుంటే ధైర్యంగా ఉంది. ఇంటి నుంచే బయలుదేరకపోతే ఫాటక్ ఏం చేస్తుంది అనుకుంటే ధైర్యం పోతోంది. ఈ ధైర్యం కావలసింది గుంజీలు తియ్యడానికా? పిల్ల కోసం ఎదురుచూడడానికా? రాకపోతే బాగుండు అని ఎక్కడో ఒక మూల మనసు అనుకుంటోందా? అనుకుంటోంది. ఛీ. అనుకుంటోంది మరి. యాభై ఆరేళ్ళు వచ్చాయి, ఇరవయ్యొకటో గుంజీ దగ్గర కింద పడితే పిల్లలు నవ్వుతారని భయపడుతోంది. పదేళ్ళ పిల్లకు ఆ భయం ఎంత ఉండి ఉంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

"ప్రార్థన మొదలుపెట్టండర్రా" అంది. శుక్లాంబరధరం అందుకున్నారు. వాళ్ళ గొంతుల్లో ఆ శ్లోకం కొంత హిందీ అయిపోతుంది, అయినా ఎంత ముద్దుగా ఉంటుందో. కళ్ళు మూసుకోవలసిన చోట తను మూసుకోలేదు. అందుకే చూసింది. గుమ్మంలో శాంత. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, మోకాళ్ళ దాకా ఎర్రదుమ్ము. కుడి చెయ్యి పిడికిలి. రొప్పుతోంది. చెప్పులు విడిచి, వంగి, వరసలో సరిగ్గా సర్దింది. "ఫాటక్ పడిపోయింది మామ్మగారూ" అంది, తెలుగులోనే. తిన్నగా డబ్బా దగ్గరకు వెళ్ళింది. చెయ్యి లోపల పెట్టింది. పిడికిలి విప్పినట్టుంది. చప్పుడు లేదు. అక్కడే ఆగింది. లోపల వేళ్ళు ఏదో తడుముతున్నట్టు మోచెయ్యి కదిలింది. తువ్వాలు తగిలి ఉంటుంది. తల తిప్పి సరస్వతమ్మ వైపు చూసింది. అరక్షణం. చెయ్యి తీసుకుని, వినాయకుడికి మూడు గుంజీలు తీసి, వెళ్ళి తన చోట కూర్చుంది. శ్లోకం అయిపోయింది.

సరస్వతమ్మ గోడ పట్టుకుని లేచింది. కొంగు నడుముకు దోపుకుంది. చెప్పాలనుకున్న మాటలు రాత్రి నుంచి ఎన్నోసార్లు వరస పెట్టుకుంది, ఇప్పుడు ఒక్కటీ వరసలో లేదు. "మూడు ఆదివారాల కిందట శాంత చేత నేను ఇరవయ్యొక్క గుంజీలు తీయించేను. తప్పు శాంతది కాదు, నాది. పిడికిట్లో ఏముందో ఎవరూ చూడకూడదని మీకు చెప్పి, నేనే చూసేను. తప్పు అందరి ముందూ చేసేను కాబట్టి అందరి ముందూ తీత్తాను." అంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. బియ్యం మాట, షెడ్డు మాట చెప్పవలసిన పని లేదు, అవి తన మాటలు కావు. కుడి చేత్తో ఎడమ చెవి, ఎడమ చేత్తో కుడి చెవి పట్టుకుంది. ఒకటి. ఎవరో నవ్వారు. రెండు. ఇంకెవరో నవ్వారు. మూడుకు నవ్వు ఆగిపోయింది. అయిదు దగ్గర పిల్లలు లెక్క అందుకున్నారు, పాంచ్, ఛే, సాత్. కర్పూరం నూనె వాసన. తొమ్మిది. కుళాయి దగ్గర గాజుల చప్పుడు. పదకొండు. పోలయ్య ఎలా ఉండేవాడో ఎప్పుడూ చూడలేదు. పదమూడు. స్వామీ, ఇప్పుడు నవ్వుతున్నావా? నవ్వు, పరవాలేదు. పధ్నాలుగు అయ్యాక మళ్ళీ కిందకి వెళ్ళింది గానీ పైకి రాలేదు. చిప్పలు రెండూ బిగుసుకుపోయాయి. చెవులు వదలకుండా అలాగే కూర్చుండిపోయింది. "చాలు మామ్మగారూ, చాలు!" అంటున్నారు పిల్లలు. భీమారావు ఎప్పుడు వచ్చాడో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "చాలమ్మా, అయిపోయింది, లెగండి!" అంటున్నాడు. అయిపోలేదు అనడానికి ఊపిరి చాలడం లేదు.

శాంత లేచింది. జంపఖానా మీద అడుగులు తడబడకుండా నడిచి వచ్చి, ఆవిడ వెనక నిలబడింది. "ఇంకా ఏడున్నాయి" అంది. ఆ మాటలో కసి లేదు, జాలీ లేదు. ఉన్నది ఉన్నట్టు. రెండు చేతులూ సరస్వతమ్మ రెండు మోచేతుల కింద పెట్టి పైకి ఎత్తింది. పదిహేను. మళ్ళీ కిందకి, ఆ చేతులు కూడా కిందకి వచ్చాయి. మళ్ళీ పైకి. సోలా. ఇంత చిన్న చేతుల్లో ఇంత బలం ఎక్కడిది? తగ్గించమని అడగలేదు తను, తగ్గించలేదు ఆ పిల్ల. తగ్గించి ఉంటే ఆ ఏడూ ఇద్దరి మధ్య ఎప్పటికీ ఉండిపోయేవి. సత్రా. అఠారా. ఇప్పుడు లెక్కపెడుతున్నది శాంత ఒక్కతే, తక్కిన వాళ్ళు చూస్తున్నారు. ఉన్నీస్. మోకాళ్ళ నొప్పి ఎక్కడో దూరంగా, వేరే ఎవరికో ఉన్నట్టు ఉంది. లోపల మాత్రం స్నానం చేసి పొడిబట్ట కట్టుకున్నంత హాయిగా ఉంది. బీస్.

"ఇక్కీస్" అంది శాంత. చేతులు తీసేసింది. వెళ్ళి తన చోట కూర్చుంది.

సరస్వతమ్మ చెవులు వదిలి, గోడకు ఆనుకుని, మెల్లగా కూర్చుంది. పాఠం చెప్పాలి. ఇవాళ ఏ పాఠం అని పదహారు మొహాలు, శాంతతో కలిపి పదిహేడు, తన వైపు తిరిగి ఉన్నాయి. నొప్పి ఇప్పుడు నిదానంగా తిరిగి వస్తోంది, ఇంటి మనిషిలాగ. కుడి మోచేతి కింద, శాంత చెయ్యి పట్టిన చోట, చెమటకు ఏదో గరగరమంటూ అంటుకుని ఉంది. బియ్యపు గింజ కావచ్చు. ఫాటక్ దగ్గర దుమ్ములో ఇసుక రేణువు కావచ్చు. ఆవిడ చెయ్యి తిప్పి చూసుకోలేదు, తుడుచుకోలేదు. "ఊఁ, పద్యం ఎవరు చెబుతారు ఇవాళ?" అని అడిగింది.